బటన్ సెల్‌కు పొరలు వేయడం: సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ తయారీలో పూత పద్ధతులు

సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ చూడటానికి ఒక పింగాణీ బిళ్ల మాత్రమే. దాని ఒక ముఖానికి హైడ్రోజన్, రెండో ముఖానికి గాలి తగిలేలా అమర్చి 700, 800 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో ఉంచితే, గాలిలోని ఆక్సిజన్ అయాన్లుగా మారి మధ్యలోని ఎలక్ట్రోలైట్ పొరను దాటి హైడ్రోజన్‌తో కలుస్తుంది. అప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రాన్లు ఆ పొరలోంచి పోలేక బయటి తీగ వెంట తిరిగి వస్తాయి. మనకు దక్కే విద్యుత్తు అదే. జిర్కోనియాకు (జిర్కోనియం ఆక్సైడ్‌కు) ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపిన మిశ్రమం వేడిలో విద్యుత్తును మోస్తుందని వాల్టర్ నెర్న్‌స్ట్ 1899లోనే చూపగా, 1937లో స్విట్జర్లాండ్‌లో బౌర్, ప్రైస్ అనే ఇద్దరు అటువంటి పింగాణీతో తొలి సెల్‌ను నడిపించారు.

నాటికీ నేటికీ ప్రధానమైన తేడా పొరల మందంలోనే ఉంది. 8 మోల్ శాతం ఇట్రియా కలిపిన జిర్కోనియా, అంటే అందరూ వైఎస్‌జెడ్ అని పిలిచే పదార్థం, 800 డిగ్రీల వద్ద సెంటీమీటరుకు 0.02 నుంచి 0.05 సీమెన్స్ వాహకతను మాత్రమే చూపుతుంది. 0.02 అనుకొని లెక్క వేస్తే, 150 మైక్రోమీటర్ల మందమున్న ఎలక్ట్రోలైట్ ఒక చదరపు సెంటీమీటరు సెల్‌కు 0.75 ఓమ్‌ల నిరోధం తెచ్చిపెడుతుంది. మందాన్ని 10 మైక్రోమీటర్లకు తగ్గిస్తే అది 0.05 ఓమ్‌లకు పడిపోతుంది. అయితే తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చనైన పింగాణీ రేకు తనంతట తాను నిలబడలేదు కనుక, మందమైన అనోడ్‌ను, అంటే హైడ్రోజన్ తగిలే వైపు పొరను, ఆధారంగా చేసుకొని దాని మీద ఎలక్ట్రోలైట్‌ను పూతగా వేయడం ఆనవాయితీ అయింది.

విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఉండే సామగ్రితో అటువంటి ఒక చిన్న సెల్‌ను, అంటే పచ్చిగా ఉన్నప్పుడు 25 మిల్లీమీటర్లు, కాల్చాక సుమారు 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే బటన్ సెల్‌ను, మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారు చేయాలో ఇక్కడ వివరిస్తాను. అందులో కింది నుంచి పైకి ఐదు పొరలు ఉంటాయి: అర మిల్లీమీటరుకు పైగా మందముండే నికెల్ ఆక్సైడ్, వైఎస్‌జెడ్ మిశ్రమపు ఆధారం; అదే మిశ్రమాన్ని మెత్తటి పొడితో చేసిన 10 నుంచి 20 మైక్రోమీటర్ల, హైడ్రోజన్ చర్య ఎక్కువగా జరిగే క్రియాశీల పొర; 10 మైక్రోమీటర్ల వైఎస్‌జెడ్ ఎలక్ట్రోలైట్; గడోలినియా కలిపిన సీరియాతో, అంటే జీడీసీతో, 3 నుంచి 5 మైక్రోమీటర్ల అడ్డుపొర; చివరగా లాంథనం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుముల ఆక్సైడ్‌తో, అంటే ఎల్ఎస్‌సీఎఫ్‌తో, 30 మైక్రోమీటర్ల కాథోడ్, అంటే గాలి తగిలే వైపు పొర. వీటిలో ఎలక్ట్రోలైట్ ఒక్కటే గాలి చొరబడనంత గట్టిగా ఉండాలి. ఆధారం, క్రియాశీల పొర, కాథోడ్ వాయువులు పారేలా రంధ్రాలతో ఉండాలి. పూత పద్ధతిని ఎంచుకోవడంలో వచ్చే చిక్కులన్నీ ఈ వైరుధ్యం నుంచి పుట్టేవే.

ఈ పనికి కొత్తగా వచ్చినవారు మొదట ఏ యంత్రం కొనాలని అడుగుతారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ఆత్రేయపురంలో పూతరేకులు చేసేవారిని గమనించండి: బోర్లించిన కుండ, కింద మంట, పల్చని పిండిలో ముంచిన గుడ్డ ముక్క మాత్రమే వారి సామగ్రి. పిండి జారు కుదిరితేనే రేకు కాగితంలా లేస్తుంది, కుదరకపోతే ఎంత మంచి కుండైనా చిల్లుల రేకే వస్తుంది. ఫ్యూయల్ సెల్ పొరల విషయంలోనూ స్లర్రీ, అంటే పొడిని ద్రవంలో కలిపిన జారు, కుదరనిదే ఏ యంత్రమూ ఆదుకోదు. అందుకే పొర చెడిపోయినప్పుడు ముందుగా స్లర్రీని, ఆ తరువాత ఎండబెట్టిన తీరును, ఆపైన ఫర్నేస్‌ను, అన్నిటికంటే చివర యంత్రాన్ని అనుమానించాలి.

ఆధారం: టేప్ కాస్టింగ్

అనోడ్ ఆధారాన్ని పొడిని అచ్చులో నొక్కి కూడా చేయవచ్చు. ఒకటి రెండు సెల్‌లు చాలనుకుంటే అదే సులువు. ఒకే మందంతో పదుల బిళ్లలు కావాలంటే మాత్రం టేప్ కాస్టింగే దారి. 1940ల్లో కెపాసిటర్ల కోసం గ్లెన్ హౌవాట్ రూపొందించిన ఈ పద్ధతిలో, చిక్కటి స్లర్రీని పాలిస్టర్ ఫిల్మ్ మీద పోసి, దాని పైన నిర్ణీత ఎత్తులో నిలిపిన డాక్టర్ బ్లేడ్ అనే అంచు కింద నుంచి లాగుతారు. మామిడి తాండ్రను చాప మీద పరిచి పొర మీద పొరగా ఎండబెట్టడం చూసినవారికి దీని స్వభావం వెంటనే అర్థమవుతుంది.

నికెల్ ఆక్సైడ్ 60 గ్రాములు, వైఎస్‌జెడ్ 40 గ్రాములు తీసుకోండి. ఈ పాళ్లలో, సెల్‌ను వాడేటప్పుడు ఆక్సైడ్ కాస్తా నికెల్ లోహంగా మారాక, ఘనపదార్థంలో దాని వాటా పరిమాణం ప్రకారం సుమారు 44 శాతం అవుతుంది. లోహపు రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ విద్యుత్తుకు దారి ఇవ్వాలంటే 30 శాతానికి మించి ఉండాలి కనుక ఇది సరిపోతుంది. రంధ్రాల కోసం 5 నుంచి 10 గ్రాముల బియ్యపు స్టార్చ్ కలపవచ్చు. ఆక్సైడ్ లోహంగా మారేటప్పుడు తన పరిమాణంలో 40 శాతం మేర కుదించుకుపోయి తానే కొన్ని రంధ్రాలను ఇస్తుంది కాబట్టి, స్టార్చ్ ఎక్కువ వేసి ఆధారాన్ని బలహీనపరచుకోవలసిన పని లేదు.

ద్రావకంగా ఇథనాల్, మిథైల్ ఇథైల్ కీటోన్‌ల మిశ్రమం 45 గ్రాముల దాకా పడుతుంది. రేణువులు గుంపు కట్టకుండా చూసే డిస్పర్సెంట్‌గా ఫాస్ఫేట్ ఎస్టర్‌ను గానీ చేపనూనెను గానీ 1 నుంచి 2 గ్రాములు, రేణువులను అతికించి ఉంచే బైండర్‌గా పాలీవినైల్ బ్యుటిరాల్ 6 నుంచి 8 గ్రాములు, టేపు విరగకుండా వంగేలా చేసే ప్లాస్టిసైజర్లుగా పాలిఇథిలిన్ గ్లైకాల్, డైబ్యుటైల్ థాలేట్ రెండూ కలిపి మరో 6 నుంచి 8 గ్రాములు వాడండి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. మీ పొడి ఎంత మెత్తగా ఉంటే దాని ఉపరితలం అంత ఎక్కువ కనుక డిస్పర్సెంట్, బైండర్ రెండూ అంత ఎక్కువ పడతాయి.

కలిపే వరుసను మాత్రం మార్చకండి. ముందు ద్రావకంలో డిస్పర్సెంట్‌ను కరిగించి, పొడి వేసి, జిర్కోనియా బంతులతో బాల్ మిల్‌లో 24 గంటలు తిప్పాలి. బైండర్, ప్లాస్టిసైజర్లు ఆ తరువాతే చేర్చి, వేగం తగ్గించి మరో 24 గంటలు తిప్పాలి. బైండర్‌ను మొదటే వేస్తే దాని పొడవైన అణువులు రేణువుల ఉపరితలాన్ని ఆక్రమించి డిస్పర్సెంట్‌కు చోటు లేకుండా చేస్తాయి, గడ్డలు విడిపోవు. స్టార్చ్‌ను కూడా రెండో విడతలోనే వేయడం మంచిది. నికెల్ ఆక్సైడ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్‌కు దారి తీయగలదు కాబట్టి, పొడి తూచే పనంతా ఫ్యూమ్ హుడ్‌లో, సరైన మాస్కుతో, చేతి తొడుగులతో చేయాలి. ద్రావకాలు సులువుగా అంటుకునేవి కనుక దరిదాపుల్లో నిప్పు, హాట్‌ప్లేట్ ఉండకూడదు.

మిల్ నుంచి తీసిన స్లర్రీని నైలాన్ జల్లెడ గుండా వడకట్టి, నెమ్మదిగా కలియబెడుతూ 10, 15 నిమిషాలు వాక్యూమ్‌లో ఉంచి గాలి బుడగలు తీయాలి. వాక్యూమ్‌ను ఒక్కసారిగా పెంచితే ద్రావకమే మరిగిపోయి పైన మీగడ కడుతుంది. తరువాత బ్లేడ్ ఎత్తును 600 నుంచి 700 మైక్రోమీటర్లకు బిగించి, ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా లాగాలి. ఎండాక టేపు మందం బ్లేడ్ ఎత్తులో సగం లోపే ఉంటుంది. ఫ్యాను గాలి తగలనీయకుండా మూత కింద ఎండబెట్టండి. పై ముఖం ముందుగా ఎండి చర్మంలా బిగుసుకుంటే కింద చిక్కిన ద్రావకం బయటికి వచ్చేటప్పుడు బొబ్బలో, పగుళ్లో తెస్తుంది.

కాల్చని కుండను కుమ్మరులు పచ్చికుండ అన్నట్టే, ఈ దశలో ఉన్నదాన్ని పచ్చి టేపు అనుకోవచ్చు. దాన్ని ముక్కలు చేసి, మూడు పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, 70 నుంచి 80 డిగ్రీల వేడిలో ప్రెస్ కింద కొన్ని నిమిషాలు నొక్కితే ఒకే దిమ్మగా అతుక్కుంటాయి. పేర్చేటప్పుడు ఒక టేపును పక్కదానికి అడ్డంగా తిప్పి పెట్టండి. లాగిన దిశలో ఒక రకంగా, అడ్డంగా మరో రకంగా కుదించుకునే టేపు గుణం దీనితో సర్దుకుంటుంది. మెత్తటి నికెల్ ఆక్సైడ్, వైఎస్‌జెడ్ పొడులతో, స్టార్చ్ లేకుండా పల్చగా లాగిన టేపును అన్నిటికంటే పైన ఉంచితే క్రియాశీల పొర కూడా ఇక్కడే కుదిరిపోతుంది. ఆపైన 25 మిల్లీమీటర్ల పంచ్‌తో బిళ్లలు కోయాలి.

అర కాల్పు

ఇప్పుడు బైండర్‌ను కాల్చి తీయాలి. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున, అంతకంటే నెమ్మదిగా అయితే మరీ మంచిది, 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి గంట సేపు ఉంచండి. బైండర్ వేగంగా విచ్ఛిన్నమయ్యే 200 నుంచి 400 డిగ్రీల మధ్య తొందరపడితే లోపలి వాయువులు పొరలను విడదీసి బిళ్లను పూరీలా ఉబ్బిస్తాయి. తరువాత వేడిని 1000 డిగ్రీలకు పెంచి రెండు గంటలు ఉంచితే బిళ్ల చేత్తో పట్టుకొనేంత గట్టిపడుతుంది, అయినా ఇంకా పెద్దగా కుదించుకోదు.

ఈ అర కాల్పు ఉష్ణోగ్రతను తేలికగా తీసుకోకూడదు. చివరి కాల్పులో ఆధారం, దాని మీది ఎలక్ట్రోలైట్ పూత ఒకదానితో ఒకటి అతుక్కొని ఉండగానే కుదించుకోవాలి. అర కాల్పును 1200 డిగ్రీల దాకా తీసుకెళితే ఆధారం తన కుదింపులో చాలా భాగాన్ని ముందే ముగించేస్తుంది. అప్పుడు పైనున్న పూత కుదించుకోవాలనుకున్నా కింది బిళ్ల కదలనివ్వదు; పూత పగులుతుంది, లేదా రంధ్రాలతో మిగిలిపోతుంది. మరీ తక్కువలో కాలిస్తే బిళ్ల ముంచగానే అంచులు రాలుతుంది, పైగా ఆధారం పూత కంటే ఎక్కువ కుదించుకొని ఎలక్ట్రోలైట్ మీద ముడతలు తెస్తుంది. కాబట్టి 900, 1000, 1100 డిగ్రీల వద్ద అర కాల్చిన మూడు బిళ్లలను తీసుకొని, మూడింటికీ ఒకే పూత వేసి, 1400 డిగ్రీల వద్ద కాల్చి, ముందూ తరువాతా వ్యాసాలను వెర్నియర్‌తో కొలిచి నమోదు చేసుకోండి. మూడు రోజులు పట్టే ఈ పరీక్ష మూడు నెలల తిప్పలను తప్పిస్తుంది.

ఎలక్ట్రోలైట్: ముంచి తీసే పద్ధతి

ఇథనాల్‌లో బరువు ప్రకారం 10 శాతం వైఎస్‌జెడ్ పొడి, కొద్దిగా డిస్పర్సెంట్, 1 నుంచి 2 శాతం పాలీవినైల్ బ్యుటిరాల్ వేసి పాల వంటి పల్చని ద్రవాన్ని తయారు చేయండి. కలిపే వరుస ఇందాకటిదే. కొంచెం ద్రవాన్ని పరీక్షనాళికలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారేసరికి పైన తేటనీరు తేరి కింద గట్టి మడ్డి కనబడితే డిస్పర్సెంట్ పాలు కుదరలేదని అర్థం. అటువంటి ద్రవంతో పూత వేయడం దండగ.

అర కాల్చిన బిళ్ల రంధ్రాలమయం కనుక, ద్రవంలో ముంచగానే కేశనాళిక బలంతో ఇథనాల్‌ను లోపలికి పీల్చుకొని, రేణువులను తన ముఖం మీద పొరగా నిలబెట్టుకుంటుంది. ఇలా పెరిగే పొర మందం ముంచి ఉంచిన కాలపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది; మందం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల సేపు ఉంచాలి. పైకి తీసేటప్పుడు అంటుకొని వచ్చే ద్రవపు పొర దీనికి అదనం. అది తీసే వేగంతోనూ, ద్రవపు చిక్కదనంతోనూ పెరుగుతుంది, అంటే మెల్లగా తీస్తే పల్చన, వేగంగా తీస్తే మందం. అందుకే చేత్తో అంచనాగా ముంచకుండా, చిన్న మోటారు కట్టిన దారంతోనైనా ఒకే వేగాన్ని పాటించాలి, స్టాప్‌వాచ్ దగ్గర ఉంచుకోవాలి.

బిళ్ల వెనుక ముఖాన్ని పారాఫిన్ ఫిల్మ్‌తో కప్పి, 10 సెకన్లు ముంచి, నెమ్మదిగా తీసి, బోర్లించిన గాజు పళ్లెం కింద ఆరనివ్వండి. ఎండే పూతలో రేణువుల మధ్య మిగిలిన ద్రవం వాటిని దగ్గరికి లాగుతుంటుంది. పూత ఒక హద్దును మించి మందంగా ఉంటే ఆ లాగుడుకు తట్టుకోలేక, ఎండిన చెరువు అడుగులా నెర్రెలిస్తుంది. కనుక ఒకేసారి 15 మైక్రోమీటర్ల పూత వేయబోవడం కంటే రెండు మూడు పల్చని పూతలు వేయడమే క్షేమం. ఒక పూతకూ మరో పూతకూ మధ్య ఫిల్మ్‌ను తీసి 400 డిగ్రీల దాకా వేడి చేస్తే, కొత్త ద్రవంలోని ఇథనాల్ పాత పూతలోని బైండర్‌ను కరిగించి లేపేసే ప్రమాదం ఉండదు.

మందాన్ని తెలుసుకోవడానికి సూక్ష్మదర్శిని దాకా పోనక్కరలేదు, తూనిక చాలు. కాల్చాక బిళ్ల వ్యాసం 20 మిల్లీమీటర్లు అయితే వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 10 మైక్రోమీటర్ల గట్టి పొరకు, వైఎస్‌జెడ్ సాంద్రత 5.9 అనుకుంటే, 18 నుంచి 19 మిల్లీగ్రాముల పొడి కావాలి. పూతకు ముందు ఒకసారి, 400 డిగ్రీల వద్ద ఆర్చాక మరోసారి తూచి, తేడా ఆ అంకెకు చేరేదాకా పూతలు వేయండి. అంతకంటే ఎక్కువ అవసరం లేదు. పొర మందమైన కొద్దీ చిల్లులు తగ్గుతాయన్న ఆశతో 20, 25 మైక్రోమీటర్లకు పోయేవారు నిరోధాన్ని పెంచుకోవడమే తప్ప మురికి వల్ల పడిన చిల్లులను పూడ్చుకోలేరు. చిల్లులు చాలావరకు దుమ్ము రేణువుల వల్ల, వేలిముద్రల జిడ్డు వల్ల, విడిపోని గడ్డల వల్ల పడతాయి. ప్రతిసారీ వాడే ముందు ద్రవాన్ని వడకట్టడం, బిళ్లను పట్టుకారుతోనే పట్టుకోవడం, పూత వేసే బల్లను తడి గుడ్డతో తుడవడం వంటి చిన్న అలవాట్లే ఇక్కడ పెద్ద తేడాను తెస్తాయి.

ముంచడానికి బదులు

స్పిన్ కోటింగ్‌లో బిళ్లను నిమిషానికి 2000 నుంచి 4000 చుట్లు తిప్పుతూ మధ్యలో చుక్కలు వేస్తారు. పొర సమంగా వస్తుంది, కానీ గుండ్రని చిన్న బిళ్లలకే అది పనికొస్తుంది, ద్రవంలో ఎక్కువ భాగం ఎగిరిపోయి వృథా అవుతుంది. ఎయిర్‌బ్రష్‌తో, 80 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద ఉంచిన బిళ్ల మీద స్ప్రే చేయడం చవకైన మార్గం. చుక్క బిళ్లను చేరేలోపే ఎండితే పొర గరగరలాడుతుంది, మరీ తడిగా చేరితే కారుతుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని పట్టుకోవడమే అందులోని నేర్పు.

ఎలక్ట్రోఫొరెటిక్ పద్ధతిలో రేణువులకు విద్యుదావేశం ఇచ్చి, కొన్ని పదుల వోల్టులతో వాటిని బిళ్ల మీదికి లాగుతారు. వంకర ఆకారాల మీద, గొట్టాల మీద ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే నికెల్ ఆక్సైడ్, వైఎస్‌జెడ్ ఆధారానికి గది ఉష్ణోగ్రతలో వాహకత లేనట్టే కనుక, ముందుగా దాని మీద గ్రాఫైట్ వంటి కాలిపోయే వాహక పొరను వేయవలసి వస్తుంది. ఆవేశం కోసం ఎసిటోన్‌లో అయోడిన్ కలిపే పాత చిట్కాను వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ చర్యలో పుట్టే అయోడోఎసిటోన్ కళ్లను మండించి నీరు కార్పిస్తుంది. ఆ పని ఫ్యూమ్ హుడ్ బయట చేయకూడదు.

పరిశ్రమలు, పెద్ద పరిశోధన సంస్థలు చదరపు పలకల సెల్‌లకు టేప్ కాస్టింగ్, స్క్రీన్ ప్రింటింగ్‌ల జంట మీదే ఎక్కువగా ఆధారపడుతున్నాయి. కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థ కూడా అనోడ్ ఆధారిత సెల్‌లను ఈ దారిలోనే రూపొందించింది. వెస్టింగ్‌హౌస్ సంస్థ ఒకప్పుడు తన గొట్టపు సెల్‌లకు జిర్కోనియం, ఇట్రియం క్లోరైడ్ ఆవిరులతో ఎలక్ట్రోలైట్‌ను పెంచింది. పొర అద్భుతంగా వచ్చేది, ఖర్చు మాత్రం మోయలేనిదిగా ఉండేది. జర్మనీలో స్టట్‌గార్ట్‌లోని డీఎల్ఆర్ (ఆ దేశపు వైమానిక, అంతరిక్ష పరిశోధన కేంద్రం) పరిశోధకులు లోహపు ఆధారాల మీద ప్లాస్మా స్ప్రేతో పొరలు వేశారు. లోహం 1400 డిగ్రీల ఫర్నేస్‌ను తట్టుకోలేదు కనుక అక్కడ ఆ పద్ధతికి అర్థముంది. బటన్ సెల్ చేసేవారు ఈ రెంటి జోలికి పోనవసరం లేదు.

కలిపి కాల్చడం

పూత ఎండిన బిళ్లను అల్యూమినా పలక మీద, కింద కొంచెం ముతక జిర్కోనియా పొడి చల్లి, ఎలక్ట్రోలైట్ పైకి ఉండేలా పెట్టాలి. పొడి చల్లకపోతే కుదించుకునే బిళ్ల పలకను పట్టుకొని చీలుతుంది. 600 డిగ్రీల దాకా నెమ్మదిగా, ఆపైన నిమిషానికి 3 డిగ్రీల చొప్పున 1400 డిగ్రీలకు తీసుకెళ్లి 4, 5 గంటలు ఉంచి, అంతే నెమ్మదిగా చల్లార్చండి.

బయటికి తీసిన బిళ్ల ఏ వైపు వంగిందో చూస్తే కథ తెలుస్తుంది. ఎలక్ట్రోలైట్ వైపు గిన్నెలా లోతు పడితే పూత ఆధారం కంటే ఎక్కువ కుదించుకుందని అర్థం. అర కాల్పును కాస్త తగ్గించండి. ఎలక్ట్రోలైట్ వైపు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటే చాలావరకు కంగారు పడనక్కరలేదు. నికెల్ ఉన్న ఆధారం వ్యాకోచ గుణకం ఒక డిగ్రీకి మిలియన్‌లో సుమారు 12, 13 భాగాలు కాగా వైఎస్‌జెడ్‌కు 10.5 మాత్రమే. చల్లారేటప్పుడు ఆధారమే ఎక్కువ ముడుచుకొని ఎలక్ట్రోలైట్‌ను నొక్కిపట్టి ఉంచుతుంది. పింగాణీ లాగుడుకు లొంగుతుంది గానీ నొక్కుడుకు గట్టిగా నిలుస్తుంది కనుక ఇది మనకు అనుకూలమే. వంపు మరీ ఎక్కువైతే రంధ్రాలున్న తేలికపాటి పింగాణీ పలకను మీద బరువుగా పెట్టి 1350 డిగ్రీల వద్ద మరోసారి కాల్చి సరిచేయవచ్చు.

ఎలక్ట్రోలైట్ ముఖం మీద ఇథనాల్‌లో కలిపిన ఎర్ర సిరా చుక్క వేసి, నిమిషం తరువాత తుడిచి చూడండి. పగులు ఉంటే ఎర్రని గీతగా, చిల్లు ఉంటే చుక్కగా మిగులుతుంది. మరక పడిన బిళ్లకు ఆపైన కాథోడ్ వేసి సమయం పోగొట్టుకోకండి.

అడ్డుపొర, కాథోడ్: స్క్రీన్ ప్రింటింగ్

ఎల్ఎస్‌సీఎఫ్‌ను నేరుగా వైఎస్‌జెడ్ మీద వేసి కాలిస్తే, అందులోని స్ట్రాన్షియం జిర్కోనియాతో కలిసి స్ట్రాన్షియం జిర్కోనేట్ అనే, విద్యుత్తును అడ్డుకునే పొరను పుట్టిస్తుంది. దాన్ని ఆపడానికే జీడీసీ. అడ్డుపొర వద్దనుకునేవారు ఎల్ఎస్ఎం, అంటే లాంథనం స్ట్రాన్షియం మాంగనైట్, పొడిని వైఎస్‌జెడ్‌తో కలిపి కాథోడ్‌గా వాడవచ్చు. అది 800 డిగ్రీల వద్ద బాగానే పనిచేస్తుంది, ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ వెనకబడుతుంది.

పద్ధతి శుభలేఖలు, బ్యానర్లు ముద్రించే స్క్రీన్ ప్రింటింగే, సిరా మాత్రం పింగాణీది. టెర్పినియాల్‌లో 5 శాతం ఇథైల్ సెల్యులోజ్‌ను కరిగించి, బరువు ప్రకారం 60 నుంచి 65 శాతం పొడిని కలిపి, మూడు రోలర్ల మిల్ గుండా నాలుగైదు సార్లు పంపితే తేనె కంటే చిక్కని సిరా వస్తుంది. స్క్వీజీ, అంటే సిరాను తెర మీద లాగే రబ్బరు పట్టీ, నొక్కినప్పుడు పల్చబడి రంధ్రాల్లోంచి దిగి, బిళ్లను చేరాక మళ్లీ చిక్కబడే సిరాయే మంచి సిరా. జీడీసీకి పల్చని పొర కావాలి కనుక 325 మెష్ (అంగుళానికి 325 దారాల) తెర, కాథోడ్‌కు 200 మెష్ తెర తీసుకోండి. తెరకూ బిళ్లకూ మధ్య 1 నుంచి 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, స్క్వీజీని ఏటవాలుగా పట్టి ఒకే ఊపులో లాగండి. ముద్రించిన వెంటనే ఆరబెట్టకుండా పది పదిహేను నిమిషాలు వదిలేస్తే మెష్ గళ్ల గుర్తులు తమంతట తామే సర్దుకుంటాయి. తరువాత 100 డిగ్రీల వద్ద ఆరబెట్టాలి.

జీడీసీని 1250 డిగ్రీల దగ్గర కాల్చండి. ఆ వేడికి ఈ పొర పూర్తిగా గట్టిపడదు. కొంత గుల్లగానే మిగులుతుంది. దాన్ని గట్టిపరచాలని 1300 దాటిస్తే సీరియా, జిర్కోనియా ఒకదానిలో ఒకటి కలిసిపోయి వాహకత తక్కువైన మిశ్రమాన్ని, సరిహద్దులో కొత్త రంధ్రాలను తెస్తాయి. ఈ రాజీ అందరూ పడేదే. దీన్ని పూర్తిగా తప్పించుకోవాలంటే వాక్యూమ్‌లో స్పటరింగ్ వంటి పద్ధతికి పోవాలి, అది మరో స్థాయి ఖర్చు.

కాథోడ్‌ను ఎలక్ట్రోలైట్ అంతటా పరచకుండా మధ్యలో 10 మిల్లీమీటర్ల వృత్తంగా ముద్రించాలి. సీల్ చేయడానికి చుట్టూ ఖాళీ అంచు మిగలాలి. ఎల్ఎస్‌సీఎఫ్ అయితే 1050 నుంచి 1100 డిగ్రీల మధ్య రెండు గంటలు చాలు. తక్కువైతే కాథోడ్ చేతికి పొడిగా అంటుతుంది, ఎక్కువైతే రంధ్రాలు మూసుకుపోయి గాలి లోపలికి చేరదు. ఎల్ఎస్ఎం వాడితే 1100, 1150 డిగ్రీల దాకా పోవచ్చు గానీ 1200 దాటకూడదు, ఎందుకంటే ఆపైన లాంథనం జిర్కోనేట్ పుడుతుంది.

మొదటిసారి వేడి చేసేటప్పుడు

సెల్‌ను పరీక్ష గొట్టం చివర సీల్ చేసి, 800 డిగ్రీలకు చేరాక అనోడ్ వైపు ముందు నైట్రోజన్, తరువాత అందులో కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెంచుతూ కొన్ని గంటల్లో పూర్తి హైడ్రోజన్‌కు తీసుకురండి. నికెల్ ఆక్సైడ్ లోహంగా మారడం నిదానంగా జరగాలి. ఒకసారి లోహమయ్యాక వేడిగా ఉన్న అనోడ్‌కు గాలి తగలనివ్వకండి. నికెల్ తిరిగి ఆక్సైడ్‌గా ఉబ్బితే, మీరు తూచి తూచి వేసిన ఎలక్ట్రోలైట్ పగులుతుంది. చల్లార్చేటప్పుడు కూడా హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్ పారుతూనే ఉండాలి.

కరెంటు తీయకుండా వోల్టేజీ చూడండి. 3 శాతం నీటి ఆవిరి ఉన్న హైడ్రోజన్, మామూలు గాలితో 800 డిగ్రీల వద్ద లెక్క ప్రకారం 1.10 వోల్టులు రావాలి. 1.05కు పైన ఉంటే ఎలక్ట్రోలైట్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. 1.0 దాటకపోతే వాయువు ఎక్కడో కారుతోంది. ముందు సీల్‌ను సరిచూడండి, హైడ్రోజన్ ప్రవాహాన్ని పెంచితే వోల్టేజీ మారుతుందేమో గమనించండి. సీల్‌లో తప్పు కనబడకపోతే సెల్‌ను చల్లార్చి, నిలువునా విరిచి, విరిగిన అంచును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడండి. ఎలక్ట్రోలైట్‌లో ఒకదానికొకటి అంటని చిన్న చిన్న గుండ్రని రంధ్రాలు మాత్రమే ఉంటే దోషం పొరది కాదు. ఆధారం దాకా దిగిన పగులు ఉంటే ఎండబెట్టిన తీరుకు, పొర అంతటా గుల్లతనం ఉంటే అర కాల్పు ఉష్ణోగ్రతకు, ఒకే చోట పెద్ద బిలం ఉంటే వడకట్టని స్లర్రీకి తిరిగి వెళ్లి, ఆ ఒక్కదాన్నే మార్చి తరువాతి బిళ్లను మొదలుపెట్టండి.